పాఠ్యపుస్తకమూ పిల్లవాని పలుకూ: కోనసీమ పాఠశాలలలో ఆంగ్లభాషా బోధన

1909లో వెలువడిన ‘కన్యాశుల్కం’ ద్వితీయ ముద్రణలో, రెండవ అంకంలో, ఆంగ్లభాషా బోధనను గూర్చి ఆలోచించేవారు తప్పక చదువవలసిన ఘట్టం ఒకటి ఉంది. సెలవులకు ఇంటికి వచ్చిన వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడగా వినాలని తల్లి వెంకమ్మకు కోరిక. గిరీశం సరేనంటాడు. గురువు చిన్నపిల్లల గేయమొకటి అందుకుంటాడు. శిష్యుడు వాచకంలోని ఒక వాక్యంతో బదులు పలుకుతాడు. ఆ పైన రేఖాగణిత సిద్ధాంతం, మిల్టను మహాకావ్యపు ఎత్తుగడ, ‘ఎఫ్’ అక్షరంతో ముగిసే నామవాచకాల బహువచన సూత్రం వరుసగా సంభాషణ రూపంలో దొర్లిపోతాయి. వెంకమ్మ ముచ్చట తీరుతుంది. ప్రేక్షకులు నవ్వుకుంటారు.

నవ్వి విడిచిపెట్టదగిన ఘట్టం కాదది. వెంకటేశం పలికిన మాటలలో వ్యాకరణ దోషం వెదకినా దొరకదు. అన్నీ అచ్చులో ఉన్నవే, పెద్దలు సరిచూచినవే. లోపమల్లా వాటిలో ఒక్కటీ వెంకటేశం మాట కాకపోవటం. అమ్మను అన్నం పెట్టమనటానికి గాని, పరీక్ష పోయిన సంగతి తండ్రికి తెలియకుండా సర్దిచెప్పటానికి గాని ఆ ఇంగ్లీషు అతనికి అక్కరకు రాదు. గురజాడవారు స్వయంగా విజయనగరం కళాశాలలో అధ్యాపకులు. తరగతి గదిలో కన్నదే రంగస్థలం మీద పెట్టారనుకోవటం సాహసం కాదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల ఉన్నత పాఠశాలలలో చాలాకాలం ఆంగ్లం బోధించిన ఈ వ్యాసకర్తకు వెంకటేశం ఏటేటా ఎదురయ్యాడు. పద్యాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పే బాలిక, ఆలస్యానికి కారణమేమని ఇంగ్లీషులో అడిగితే తల వంచుకొని నిలబడుతుంది. పంటు ఆలస్యంగా వచ్చిందన్న చిన్న సంగతి ఆమె నోట రాదు. పాఠ్యపుస్తకంలో పంటు లేదు, ఏరు లేదు, రేవు లేదు. బోధనలో పాఠ్యపుస్తకానికి ఎంత చోటివ్వాలి, విద్యార్థి తనంత తానుగా పుట్టించుకొనే మాటకు ఎంత చోటివ్వాలి, రెండింటిలో ఏది ముందు నడవాలి అన్నది ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

ప్రాచ్యవిద్యా సంప్రదాయంలో పెరిగినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మనమందరమూ శబ్దమంజరితో మొదలుపెట్టినవారమే. అమరకోశం అర్థం తెలియకముందే కంఠస్థం చేశాము. ఆ ధారణ వ్యర్థమని అనబోవటం లేదు. చిన్ననాట నోటికి వచ్చినది పెద్దయ్యాక కావ్యం ముందు కూర్చున్నప్పుడు పిలవకుండానే వచ్చి సాయపడుతుంది. కాని పంచకావ్యాలు ముగించిన విద్యార్థి సంస్కృతంలో మంచినీళ్ళడగటానికి తడబడటం కూడా మనం చూచినదే. 1981లో బెంగుళూరులో ఆరంభమై దేశమంతటా వ్యాపించిన పది దినాల సంస్కృత సంభాషణ శిబిరాలు ఈ కొరతను గుర్తించి పుట్టినవే. పుస్తకం లేకుండా, తెలుగులోకి గాని మరొక భాషలోకి గాని అనువదించకుండా, చేతికందిన వస్తువును చూపి మొదటి దినమే విద్యార్థిచేత నాలుగు వాక్యాలు పలికించటం అక్కడి పద్ధతి.

మరికొంత వెనుకకు పోతే పతంజలి మహాభాష్యంలోని పస్పశాహ్నికం కనబడుతుంది. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోయి చేయించుకుంటాడు గాని, మాట కావలసినవాడు ఎవడూ వైయాకరణుని ఇంటికి పోయి శబ్దాలు తయారు చేసిపెట్టమని అడగడని భాష్యకారుని వాదం. లోకవ్యవహారం ముందుది, శాస్త్రం వెనుక వచ్చి దానిని నియమించేది. వ్యాకరణాన్ని ఇంతగా ఆరాధించిన సంప్రదాయమే ఈ క్రమాన్ని అంగీకరించింది. ఇంగ్లీషు తరగతిలో మాత్రం మనం విద్యార్థిని రోజూ కుమ్మరి ఇంటికే పంపుతున్నాము.

ఈ ప్రశ్న తెలుగునాట బహిరంగ చర్చకు వచ్చిన సందర్భం తెలుగు భాషా చరిత్రలో పేరుపొందినదే, అయినా దానిని బోధనా సమస్యగా మనం తరచు గుర్తుంచుకోము. 1907లో జె.ఎ. యేట్సు ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతులలో తెలుగు పాఠాలు జరిగే తీరు అతనికి వింతగా తోచింది. ఉపాధ్యాయుడు మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లల చేతిలోని పుస్తకం తెలుగు మరొకటి. ఈ భేదం ఎందుకని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమానికి బీజం ఆ ప్రశ్నలో ఉంది. హెన్రీ స్వీటు, ఒట్టో యెస్పర్సను వంటివారు విదేశీ భాషల బోధనలో వాడుక మాటకు ప్రాథమ్యమిస్తూ చేసిన రచనలు అప్పటికే ప్రచారంలో ఉన్నాయి. పరభాషను ఎట్లా నేర్పాలన్న విచారణ నడుస్తున్న కాలంలోనే మన భాషను మనకెట్లా నేర్పాలన్న విచారణ తలెత్తిందన్నమాట.

గిడుగు రామమూర్తి పంతులుగారికి ఈ విషయంలో పుస్తకజ్ఞానం కంటే గట్టి ఆధారం ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవరకు అప్పుడు వాచకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మాట్లాడే మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని వినటం, విన్నది వ్రాసుకోవటం, వ్రాసుకున్నది తిరిగి పలికి సరిచూచుకోవటం తప్ప మార్గాంతరం లేదు. ఆ తరువాత సవర పిల్లలకు ఆయనే వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మాట ముందు, పుస్తకం తరువాత. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆ కృషి మొదలైన ఎన్నో ఏండ్లకు గాని అచ్చుపుస్తకాలు పుట్టలేదని గమనించాలి. పుస్తకాన్ని ఆయన తిరస్కరించలేదు. దాని స్థానాన్ని మాత్రం మార్చారు.

ఈ వాదానికి ఎదుటి పక్షాన నిలిచిన ప్రముఖులలో జయంతి రామయ్య పంతులుగారు మన కోనసీమవారు. గౌతమి ఒడ్డున, కోటిపల్లి రేవుకు ఎదుటనున్న ముక్తేశ్వరంలో 1860లో జన్మించారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. గ్రాంథికవాదిగా ఆయనను తోసిపుచ్చటం నేడు తేలిక. కాని ఆ పక్షం లేవదీసిన ప్రశ్నకు బలముంది. మాట్లాడే భాష ఊరూరా మారుతుంది, అందులో దేనిని ప్రమాణంగా గ్రహించాలి? నేడు ఇంగ్లీషు తరగతిలో పిల్లల స్వేచ్ఛాభాషణకు చోటివ్వమన్నప్పుడు సహోపాధ్యాయులు అడిగేది అచ్చంగా ఇదే. పిల్లవాడు నోటికి వచ్చినట్లు పలికిందల్లా ఇంగ్లీషేనా? అట్లయితే ఇక బోధన దేనికి? గిడుగువారు ఎంచుకున్న ప్రమాణం ఎవరి నోట ఏది వస్తే అది కాదు, శిష్టవ్యవహారం. ఆ సమాధానమే ఇక్కడకూ చెల్లుతుంది. చదువుకున్న భారతీయులు వ్రాసే, మాట్లాడే ఇంగ్లీషు గమ్యం. పిల్లవాని పలుకు బయలుదేరే రేవు. 1924లో పరిషత్తు తానే వ్యావహారికంపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. బడిలో ఇంగ్లీషు పలుకుపై నిషేధం ఎవరూ విధించలేదు. అందుచేతనే కాబోలు, తొలగించిన వారూ లేరు.

తరగతి గదిలో ఒక దినం

ఇక అనుభవంలోకి వస్తాను. కొబ్బరితోటల నడుమనున్న ఒక గ్రామంలో తొమ్మిదవ తరగతి. పాఠం తెరవక ముందు, ఈ ఉదయం ఇంటి దగ్గర ఏమి జరిగిందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. వెనుక వరుసలోని పిల్లవాడు లేచాడు. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. అతడు చెప్పినది నల్లబల్ల మీద ఉన్నది ఉన్నట్లు వ్రాశాను: “మై ఫాదర్ గో దింపు. ట్రీ క్లైంబింగ్, గెల కటింగ్, డౌన్ కమింగ్, టీ డ్రింకింగ్.” తరగతి గొల్లున నవ్వింది. పిల్లవాడు కూర్చోబోయాడు. కూర్చోవద్దని, ఇదే సంగతి తెలుగులో చెప్పమన్నాను. “మా నాన్న చెట్టెక్కి, గెల కోసి, కిందికి దిగి, టీ తాగుతాడండి.”

ఇక్కడ ఆంగ్లోపాధ్యాయుని కంటే బాలవ్యాకరణం చదివినవానికి విషయం ముందు బోధపడుతుంది. తెలుగు వాక్యంలో నాలుగు పనులున్నా సమాపక క్రియ ఒక్కటే. ‘ఎక్కి’, ‘కోసి’, ‘దిగి’ అన్నవి క్త్వార్థకాలు. కాలబోధ, పురుషబోధ మొత్తం ‘తాగుతాడు’ అన్న ఒక్క మాట మోస్తుంది. పిల్లవాడు ఆ మూడు క్త్వార్థకాలకు సమానమైన రూపం కోసం ఇంగ్లీషులో వెదకి, కాలం తెలుపని రూపమని తనకు తోచిన ‘ఇంగ్’ను పట్టుకున్నాడు. పట్టుకున్నాక నాలుగో క్రియకు కూడా తగిలించాడు. అజాగ్రత్త వల్ల పుట్టిన తప్పు కాదిది, తర్కం వల్ల పుట్టినది. చిన్నయసూరి చూస్తే కోప్పడేవాడు కాదేమో.

అప్పుడు తరగతికి ఒకే సంగతి చెప్పాను. ఇంగ్లీషులో ప్రతి పనీ తన కాళ్ళమీద తాను నిలబడుతుంది, ప్రతి క్రియా తన కాలాన్ని తానే మోసుకుంటుంది. వారే దిద్దారు: క్లైంబ్స్, కట్స్, కమ్స్ డౌన్, డ్రింక్స్. ఆ పిమ్మట పాఠ్యపుస్తకం తెరిపించాను. ఒక మనిషి దినచర్యను వర్ణించే భాగం అందులో ఉంది. జూన్ నెలలోనే చదివేశాము, ప్రశ్నలకు జవాబులు కూడా వ్రాశాము. కాని క్రియల చివరి ‘ఎస్’ అక్షరాల మీద ఆనాడు గాని వారి కళ్ళు పడలేదు. అందరూ పెన్సిలుతో గీతలు గీశారు. నేను చెప్పకుండానే.

‘దింపు’ అన్న మాట దగ్గర మరొక చర్చ లేచింది. పుస్తకంలో ‘హార్వెస్ట్’ ఉందని ఒకరన్నారు. అది వరి కోతకు చెప్పినదని, కొబ్బరికాయను కోత కోయరు, దింపుతారని ఒక బాలిక అడ్డుకున్నది. ఆ అభ్యంతరం సమంజసమైనది. చివరకు ‘దింపు’ను అట్లాగే ఉంచి, చెట్టెక్కి కాయలు కోసి దించే పని అని ఇంగ్లీషులో ఒక వివరణ వాక్యం చేర్చాము. టీక వ్రాయటమంటే ఏమిటో పిల్లలకు ఆనాడు తెలిసింది. ఒలుపు, పీచు, కురిడీ అన్న మాటలకు కూడా తరువాతి వారాలలో ఇట్లాగే టీకలు పుట్టాయి.

సంక్రాంతి సెలవుల ముందు ఒక బాలిక, “వీ ఆర్ గోయింగ్ టు జగ్గన్నతోట” అన్నది. కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో పదకొండు గ్రామాల ప్రభలు కూడే తీర్థానికన్నమాట. పక్కనున్న పిల్ల వెంటనే తెలుగులో, “మేమా, మనమా?” అని అడిగింది. తానూ ఆ ప్రయాణంలో ఉన్నదో లేదో ఆమెకు తెలియాలి! ఇంగ్లీషు ‘వీ’ ఆ భేదం చెప్పదు. సర్వనామాల పట్టిక పుస్తకంలో చక్కగా ఉంది, కాని ఆ పట్టిక ముందు ఎవరికీ ఈ సందేహం రాలేదు. ‘కమ్ విత్ అస్’ అనో, ‘యూ టూ’ అనో మరొక మాట చేర్చి ఆ భేదం తెలుపవచ్చునని చెప్పాను. సెలవుల తరువాత, గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోసుకుంటూ కౌశిక నీటిలో దిగి దాటించే దృశ్యాన్ని ఆ తరగతి వర్ణించినంత ఉత్సాహంతో మరే విషయాన్నీ వర్ణించలేదు. మోసేవాడు ముఖ్యమా, మోయబడే ప్రభ ముఖ్యమా అన్న సందేహం వచ్చినప్పుడు కర్మణి వాక్యం తనంతట తానే తరగతిలోకి వచ్చింది. ఆ పాఠానికి పుస్తకం కేటాయించిన మూడు పుటల అభ్యాసాలు అప్పుడు ఉపయోగపడ్డాయి.

కోనసీమకే ప్రత్యేకమైన చిక్కు ‘అండి’. మా పిల్లలు ‘ఎస్సండీ’, ‘నోనండీ’ అంటారు. బయటివారు నవ్వుతారు. నేను కూడా తొలి ఏళ్ళలో కసిరినవాడినే. కసిరితే పిల్లవాడు ‘అండి’ మానేస్తాడు, దానితోపాటు మాట కూడా మానేస్తాడు. పెద్దవారితో ఒట్టి ‘ఎస్’ అనటం అతనికి పొగరుగా తోస్తుంది. గౌరవాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నోరు మూసుకుంటాడు. ఇంగ్లీషులో మన్నన క్రియ చివర ఉండదు, వాక్యం మొదటనే ‘మే ఐ’, ‘కుడ్ యు’, ‘వుడ్ యు’ అన్న రూపాలలో వచ్చి కూర్చుంటుందని చెప్పిన తరువాత, సహాయక క్రియల పాఠానికి ఒక ప్రయోజనం ఏర్పడింది. బస్సులో ఒక పెద్దాయనను కొంచెం జరగమనాలంటే ‘అండి’ని ఎక్కడ పెట్టాలి అన్నది ఆ తరువాత మా తరగతిలో నిలిచిపోయిన ప్రశ్న.

ఇటువంటి ‘తప్పుల’ను భాషాశాస్త్రవేత్తలు గౌరవంగా చూడటం మొదలై అరవై ఏండ్లు కావస్తున్నది. విద్యార్థి దోషాలు అతడు భాషను ఏ క్రమంలో నిర్మించుకుంటున్నాడో తెలిపే సాక్ష్యాలని ఎస్. పిట్ కార్డరు 1967లో ప్రతిపాదించాడు. మాతృభాషకూ గమ్యభాషకూ నడుమ విద్యార్థి కట్టుకొనే ఈ వ్యవస్థకు లారీ సెలింకరు 1972లో ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని నామకరణం చేశాడు. అంతరభాష అనవచ్చు. అదే వ్యాసంలో ఆయన మరొక హెచ్చరిక కూడా చేశాడు. కొన్ని రూపాలు ఆ నడిదారిలోనే గడ్డకట్టి రాయిగా మారతాయి, ఎన్నాళ్ళు మాట్లాడినా కదలవు. మొదటి ప్రతిపాదనను ఉత్సాహంగా చదివి, రెండవదానిని నేను పట్టించుకోలేదు. ఫలితం అనుభవించాను.

పుస్తకాన్ని విడిచిన ఏడాది

ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు దక్షిణభారత పాఠశాలలలో నడిపిన బెంగుళూరు ప్రయోగాన్ని గూర్చి చదివిన కొత్తలో, ఒక ఏడాది పాఠ్యపుస్తకాన్ని దాదాపు పక్కన పెట్టాను. ప్రభుగారు వ్యాకరణ క్రమాన్ని విడిచి, రైలు వేళల పట్టిక, పటం, చిన్న లెక్క వంటి పనుల ద్వారా అర్థం మీద దృష్టి నిలిపి భాషను నేర్పించారు. నేను ఆయన విడిచినదానిని గ్రహించాను గాని, దాని స్థానంలో ఆయన ఎంత శ్రమతో పనులను అమర్చారో గ్రహించలేదు. నా తరగతిలో మాటలు మాత్రమే మిగిలాయి. పిల్లలకు భయం పోయింది, అది నిజమైన లాభం. కాని ఏడాది చివర విన్నా అవే క్రియలు: గో, కమ్, గివ్, పుట్. అందరికీ అందరి ఇంగ్లీషూ అర్థమవుతున్నది, కాబట్టి ఎవరికీ కొత్త మాట అవసరం కలగలేదు. ‘ఎస్టర్‌డే ఓన్లీ కమింగ్’ ఆషాఢంలో ఎట్లా ఉందో ఫాల్గుణంలోనూ అట్లాగే ఉంది. ఇందులో ‘ఓన్లీ’ని నేను పెద్దగా తప్పుపట్టను. ‘నిన్ననే’లోని ఏకారం చదువుకున్న భారతీయుల ఇంగ్లీషులోకి కూడా ‘ఓన్లీ’గా వచ్చి స్థిరపడింది. కాని ‘కమింగ్’ రాయి అయిపోయింది.

ఆ ఏడాదే మరొక సంఘటన. మా ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయే స్త్రీలు ఎందరో ఉన్నారు. తరగతిలో అందరికంటే ధారాళంగా మాట్లాడే బాలిక ఒకనాడు ఒక కాగితం తెచ్చింది. తల్లి కువైట్ ప్రయాణానికి ఏజెంటు ఇచ్చిన ఇంగ్లీషు ఒప్పందం. చదివి చెప్పమని ఇంట్లో అడిగారట. ఆ పిల్ల ‘డిడక్ట్’ దగ్గర ఒకసారి, ‘టెర్మినేట్’ దగ్గర ఒకసారి ఆగిపోయింది. ఖర్చు ‘షల్ బి బోర్న్ బై ది ఎంప్లాయీ’ అన్న చోట మాత్రం ఆగకుండా ముందుకు పోయింది. బోర్న్ అంటే పుట్టటమని ఆమెకు తెలుసు. తల్లి పుట్టుకకు సంబంధించిన వివరమేదో కాబోలనుకున్నది. గడువుకు ముందే తిరిగివస్తే విమానపు ఛార్జీ ఎవరు భరించాలన్న షరతు అది. ఎంప్లాయీ అంటే తల్లే.

ఆ సాయంకాలం నేను చాలాసేపు బడిలోనే కూర్చుండిపోయాను. నేను అభినందిస్తూ వచ్చిన ధారాళభాషణం ఆ కాగితం ముందు నిలువలేకపోయింది. ‘భరించు’ అన్న అర్థంలో ‘బేర్’ ఎవరి ఉదయపు కబుర్లలోనూ రాదు. అది అచ్చులోనే దొరుకుతుంది, అచ్చును నిదానంగా చదివించే ఉపాధ్యాయుని దగ్గరే దొరుకుతుంది. సంభాషణకు అందని ఇంగ్లీషు ఒకటుంది. పేదవాని జీవితాన్ని నిర్ణయించే కాగితాలన్నీ ఆ ఇంగ్లీషులోనే ఉంటాయి. పాఠ్యపుస్తకం పనికిరాదనే ఆధునికులతో నాకు పేచీ ఇక్కడే. స్కాట్ థార్న్‌బరీ 2000లో అచ్చు సామగ్రి భారం తగ్గించుకొని తరగతిలో పుట్టే మాటతోనే బోధించాలని పిలుపునిచ్చాడు. చేతినిండా పుస్తకాలూ చుట్టూ ఇంగ్లీషూ ఉన్న దేశాలలో అది చక్కని ఉపవాసం. రాజోలు తాలూకాలో ఎందరో పిల్లలకు పాఠ్యపుస్తకమే ఇంట ఉన్న ఏకైక ఇంగ్లీషు పుస్తకం.

తరువాతి ఏడాది నుండి నడిపిన క్రమం చెబుతాను. పీరియడులో మొదటి పది నిమిషాలు పిల్లలవి. ఇద్దరు ముగ్గురు ఏదో ఒకటి చెబుతారు. అందులో ఒక్క వాక్యాన్ని మాత్రమే నల్లబల్ల మీద వ్రాస్తాను. అన్నిటినీ దిద్దబోతే పిల్లవాని ముఖం చిన్నబోతుంది, పాఠమూ సాగదు. ఆ వాక్యాన్ని తరగతి దిద్దుతుంది. ఆ పిమ్మట ఆ రోజు పాఠంలో దానికి చుట్టమైన వాక్యం ఎక్కడుందో వెదుకుతారు. దొరకని రోజులూ ఉంటాయి. దొరికిన రోజు పాఠం సగం చెప్పినట్లే. మిగిలిన కాలమంతా పుస్తకానిదే, అందులో రాజీ లేదు. మనకు కావ్యం మూలం, వ్యాఖ్యానం దాని వెంట నడిచేది. ఇక్కడ పిల్లవాని వాక్యాన్ని మూలంగా, పుస్తకాన్ని దానికి మల్లినాథుని వ్యాఖ్యగా తలచుకుంటే నేను చెప్పేది ప్రాచ్యవిద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. దిద్దిన వాక్యాలన్నీ ఒక నోటుపుస్తకంలో చేరతాయి, ఎడమ పుటలో పలికిన రూపం, కుడి పుటలో దిద్దిన రూపం. ఎడమ పుటను చెరపటానికి వీలులేదు. నెలకొకసారి ఎవరో ఒకరు పనికివచ్చే కాగితం తేవాలి. కరెంటు బిల్లు, మందు సీసాతో వచ్చే చీటీ, బ్యాంకు ఫారం. ఆ రోజు మాటలుండవు, చదువే.

ప్రభుత్వ పుస్తకాలు ఈ విషయంలో మన ఉపాధ్యాయుల కంటే ముందున్నాయని ఒప్పుకోవాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, దానిని అనుసరించిన 2011 రాష్ట్ర చట్రం తరువాత ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ఆంగ్ల వాచకాలు వచ్చాయి. పదవ తరగతి వాచకం 2014లో మారింది. పాఠానికి ముందు ఒక చిత్రం, దానిని చూచి మాట్లాడవలసిన ప్రశ్నలు. పాఠం తరువాత సంభాషణ, దినచర్య, ఉత్తరం, వార్త వంటివి విద్యార్థి సొంతంగా వ్రాయవలసిన పనులు. ఊహ మంచిది. ఆ ఏడాదే బజారులోకి గైడ్లు వచ్చాయి. చిత్రాన్ని చూచి పిల్లవాడు ఏమనుకోవాలో గైడు చెబుతుంది. పాఠంలోని పాత్ర ఆ రాత్రి డైరీలో ఏమి వ్రాసుకున్నదో గైడు చెబుతుంది. మూల్యాంకన శిబిరంలో కట్టలకొద్దీ జవాబుపత్రాలలో ఒకే డైరీ, ఒకే కన్నీరు, ఒకే తేదీ. వెంకటేశం రేఖాగణిత సూత్రాన్ని సంభాషణగా అప్పజెప్పాడు. ఈ పిల్లలు స్వేచ్ఛాభాషణాన్నే కంఠస్థం చేస్తున్నారు. పబ్లిక్ పరీక్షలో వ్రాతే నిర్ణాయకమైనంతకాలం వారిని తప్పుపట్టలేము. గైడు కొనలేని పిల్లవాడు పక్కవాని గైడు చూచి వ్రాసుకుంటాడు.

అందువల్ల మా నోటుపుస్తకం ఎడమ పుటకు నేను మార్కులు వేయటం మొదలుపెట్టాను. రిజిస్టరులో ఆ మార్కులకు గడి లేదు, అంచున పెన్సిలుతో వేసేవాడిని. తప్పు వాక్యానికి మార్కులేమిటని తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ప్రశ్నించారు. దింపు కార్మికుని కుమారుడు వ్రాసిన పుట తీసి చూపించాను. ఎడమవైపు, “మై ఫాదర్ ఫాల్ డౌన్ ట్రీ, టూ మంత్స్ నో దింపు.” కుడివైపు అదే పిల్లవాని చేతివ్రాతలో, తండ్రి చెట్టు మీదనుండి పడ్డాడని, కాలు విరిగిందని, రెండు నెలలుగా పనికి పోలేదని, వైద్యానికి సాయం కోరుతున్నానని ఆరు వాక్యాల అర్జీ. ఉత్తరం వ్రాసే పద్ధతి పాఠ్యపుస్తకంలోనిది. గైడులో ఆ అర్జీ లేదు. అధికారి చదివి, ఇది ఎవరికి పంపారని అడిగారు. ఇంకా పంపలేదని పిల్లవాడు లేచి నిలబడి చెప్పాడు: “నాట్ యెట్, సర్.” ఒక క్షణం ఆగి, “అండి” అని చేర్చాడు.